ఆర్డర్ బటన్ నొక్కాక ఏం జరుగుతుంది? ఇంటర్నెట్, ఈ-కామర్స్ బేసిక్స్ మా మామయ్య పోగొట్టుకున్న 4,999 రూపాయలతో

ఈ సైట్ లో మామూలుగా నేను ఫోన్లు, ఇయర్‌బడ్స్, వాచ్‌ల గురించి రాస్తుంటాను. ఈసారి వస్తువు గురించి కాదు, ఆ వస్తువు మన ఇంటికి వచ్చే దారి గురించి రాస్తున్నా. కారణం మా మామయ్య.

మామయ్యకి తెనాలిలో కిరాణా కొట్టు ఉంది. ముప్పై ఏళ్లుగా అదే కొట్టు. లెక్కలో రూపాయి తేడా రానివ్వడు. కల్తీ పప్పు చేత్తో పట్టుకుని చెప్పేస్తాడు. అలాంటి మనిషి రెండు నెలల క్రితం ఫోన్ లో వీడియోలు చూస్తుంటే మధ్యలో ఒక యాడ్ వచ్చింది. దేశమంతా తెలిసిన ఒక పెద్ద షాపింగ్ సైట్ లోగో, అవే రంగులు. బయట పదహారు వేలు ఉన్న 5జీ ఫోన్ 4,999 కే ఇస్తామని, ఇంకా 7 నిమిషాలే టైం ఉందని ఉంది. ఇంటర్ పాసైన కూతురికి ఇద్దామని అడ్రస్ టైప్ చేశాడు, యూపీఐ లో డబ్బులు కట్టాడు. "ఆర్డర్ కన్ఫర్మ్" అని పచ్చ టిక్కు కూడా వచ్చింది. ఆ తర్వాత మెసేజ్ రాలేదు, ఫోన్ రాలేదు. నాలుగో రోజు చూస్తే ఆ సైటే లేదు.

అప్పుడు నాకు కాల్ చేశాడు. ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: "ఒరేయ్, నేను నొక్కింది ఆ పెద్ద కంపెనీ సైటే కదరా? మరి డబ్బులు వేరేవాడికి ఎట్లా పోయినయి?"

ఈ ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పలేకపోయా. పైగా ఆ ఫోన్ మోడల్ బాగుంటుందని నెల ముందు ఆయనకి చెప్పింది నేనే. ఫోన్ గురించి గంటసేపు చెప్పాను కానీ, ఎక్కడ కొనాలో, ఎలా చూసుకుని కొనాలో ఒక్క మాట చెప్పలేదు. ఆ బాకీ ఇప్పుడు తీరుస్తున్నా. బటన్ నొక్కిన దగ్గర నుంచి పార్సిల్ గుమ్మం దగ్గరకు వచ్చేదాకా ఏమేం జరుగుతాయో వరుసగా చూద్దాం. ప్రతి స్టెప్ లోనూ మామయ్య కేసులో ఏమైందో కూడా చెప్తాను.

1. ముందు ఇంటర్నెట్ అంటే ఏమిటి?

చాలామంది ఇంటర్నెట్ అంటే ఆకాశంలో ఎక్కడో ఉంటుంది, శాటిలైట్ నుంచి వస్తుంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువ భాగం నేల కింద, సముద్రం అడుగున ఉంటుంది. మీ ఫోన్ నుంచి దగ్గర్లోని టవర్ వరకే గాలిలో రేడియో తరంగాలుగా వెళ్తుంది. టవర్ దగ్గర నుంచి చాలా చోట్ల ఫైబర్ కేబులే. వెంట్రుక మందంలో ఉండే గాజు తీగల్లో డేటా వెలుగు రూపంలో పరుగెడుతుంది. ఖండాల మధ్య దాదాపు డేటా అంతా సముద్రం అడుగున వేసిన కేబుల్స్ లోనే వెళ్తుంది. అలాంటి కేబుల్స్ మన దేశంలో ముంబై, చెన్నై లాంటి తీర నగరాల్లో ఒడ్డుకు చేరతాయి.

ఇలా కంపెనీలు, కాలేజీలు, ప్రభుత్వాలు, టెలికాం ఆపరేటర్లు ఎవరికి వాళ్లు వేసుకున్న నెట్‌వర్క్‌లు ఒకదానితో ఒకటి కలిస్తే వచ్చిందే ఇంటర్నెట్. దానికి ఒక ఓనర్ లేడు. అందరూ ఒప్పుకున్న రూల్స్ మాత్రం ఉన్నాయి.

క్లుప్తంగా చరిత్ర: 1969 అక్టోబర్ 29న అమెరికాలో ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద మొదటి మెసేజ్ వెళ్లింది. "లాగిన్" అనే మాట పంపబోతే మొదటి రెండు అక్షరాలు వెళ్లేసరికి అవతలి కంప్యూటర్ క్రాష్ అయింది. 1983 జనవరి 1 నుంచి ఆ నెట్‌వర్క్ టీసీపీ/ఐపీ అనే రూల్స్ కి మారింది. ఈ రోజు మీ ఫోన్ వాడేది కూడా ఆ రూల్స్ నే. 1989లో స్విట్జర్లాండ్ లోని సెర్న్ ల్యాబ్ లో టిమ్ బెర్నర్స్-లీ వెబ్ ఆలోచన రాసి ఇచ్చారు. మన దేశంలో సామాన్య జనానికి ఇంటర్నెట్ ను 1995 ఆగస్టు 15న వీఎస్ఎన్ఎల్ ఇచ్చింది.

ఇక్కడ ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: వెబ్, ఇంటర్నెట్ ఒకటి కాదు. ఇంటర్నెట్ రోడ్డు. వెబ్ ఆ రోడ్డు మీద తిరిగే ఒక సర్వీసు. ఈమెయిల్, వీడియో కాల్, యూపీఐ కూడా అదే రోడ్డు వాడుకుంటాయి.

2. ఫోటో ముక్కలు ముక్కలుగా వస్తుంది

మీరు ఒక ఫోన్ ఫోటో ఓపెన్ చేశారనుకోండి. సైజు 3 ఎంబీ. అది ఒకే మూటగా రాదు. సుమారు 1500 బైట్ల చిన్న చిన్న ముక్కలుగా విడగొడతారు. వీటినే ప్యాకెట్స్ అంటారు. అంటే ఆ ఒక్క ఫోటోకి దాదాపు 2000 ప్యాకెట్స్. ప్రతి దాని మీదా పంపేవాడి అడ్రస్, అందుకునేవాడి అడ్రస్, వరుస నంబర్ ఉంటాయి. దారిలో రౌటర్లు అనే మెషీన్లు అడ్రస్ చూసి పక్క రౌటర్ కి తోసేస్తూ ఉంటాయి. ఏదైనా ముక్క దారిలో పోతే, దాన్ని మాత్రం మళ్లీ పంపిస్తారు. చివరికి మీ ఫోన్ నంబర్ల ప్రకారం పేర్చుకుని ఫోటో చూపిస్తుంది.

ఇదంతా ఎంత స్పీడ్ గా? గాజు తీగలో వెలుగు సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లడానికి కొన్ని మిల్లీ సెకన్లు చాలు.

మామయ్య కేసుకి సంబంధించిన మొదటి పాఠం ఇక్కడే ఉంది. రౌటర్ పని అడ్రస్ చూసి చేర్చడం మాత్రమే. అవతల ఉన్నది మంచివాడా, దొంగా అని అది చూడదు. పోస్ట్‌మ్యాన్ కవర్ మీద అడ్రస్ చూస్తాడు కానీ లోపల ఉత్తరం రాసినవాడి గుణం చూడడు కదా! "నెట్ లో కనిపించింది కాబట్టి ఎవరో ఒకరు చెక్ చేసే ఉంటారు" అనుకోవడం మన మొదటి పొరపాటు. యాడ్ లో వచ్చిందంటే ఎవరో డబ్బు కట్టారని అర్థం, అంతే.

3. ఐపీ అడ్రస్, డీఎన్ఎస్: ఇంటర్నెట్ పిన్ కోడ్

ఇంటర్నెట్ లో ప్రతి మెషీన్ కి ఒక నంబర్ ఉంటుంది. దాన్ని ఐపీ అడ్రస్ అంటారు. పాత పద్ధతి ఐపీవీ4 లో మొత్తం సుమారు 430 కోట్ల నంబర్లే వస్తాయి. ఫోన్లు, టీవీలు, కెమెరాలు పెరిగి అవి చాలకపోవడంతో చాలా పెద్ద నంబర్లు ఉండే ఐపీవీ6 వచ్చింది. మీ ఫోన్ సెట్టింగ్స్ లో "ఎబౌట్ ఫోన్" లోకి వెళ్తే మీ ఐపీ అడ్రస్ చూడొచ్చు.

కానీ మనం నంబర్లు గుర్తుపెట్టుకోలేం. పేర్లు గుర్తుపెట్టుకుంటాం. పేరు చెప్తే నంబర్ చెప్పే వ్యవస్థే డీఎన్ఎస్. 1983లో పాల్ మొకపెట్రిస్ దీన్ని డిజైన్ చేశారు. మీరు బ్రౌజర్ లో సైట్ పేరు టైప్ చేయగానే ఫోన్ ముందు డీఎన్ఎస్ ని అడుగుతుంది: "ఈ పేరు నంబర్ ఎంత?" నంబర్ వచ్చాకే ఆ సైట్ సర్వర్ కి కబురు వెళ్తుంది. మీ ఫోన్ కాంటాక్ట్స్ లాంటిదే. మనం పేరు నొక్కుతాం, కాల్ మాత్రం నంబర్ కి వెళ్తుంది.

మరి ఆ పేర్లు ఎవరిస్తారు? డొమైన్ రిజిస్ట్రార్లు అమ్ముతారు. కొన్ని వందల రూపాయలు కడితే ఏడాదికి ఒక పేరు మీదవుతుంది. ఎవరైనా కొనొచ్చు, ఆ పేరు ఇంకొకరు తీసుకుని ఉండకపోతే చాలు. ఇక్కడే మోసం మొదలవుతుంది.

4. సైట్ కి ఇంటిపేరు ఎక్కడ ఉంటుంది?

మామయ్య దగ్గర బ్రౌజర్ హిస్టరీలో ఆ లింక్ ఇంకా ఉంది. చూడగానే నాకు అర్థమైంది. అసలు కంపెనీ పేరు అందులో ఉంది, కానీ ఉండాల్సిన చోట లేదు. అసలు పేర్లు వద్దు కాబట్టి "మనఅంగడి.కామ్" అని ఒక సైట్ ఉందని ఊహించుకుందాం. ఈ మూడు చూడండి:

మొదటిది: ఆఫర్స్.మనఅంగడి.కామ్/ఫోన్లు
రెండోది: మనఅంగడి.కామ్-ఆఫర్స్.షాప్/ఫోన్లు
మూడోది: బెస్ట్‌డీల్99.షాప్/మనఅంగడి.కామ్

మూడింట్లోనూ "మనఅంగడి.కామ్" ఉంది. కానీ మొదటిది మాత్రమే అసలుది. ఎలా?

మన తెలుగువాళ్ల పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, అసలు పేరు తర్వాత. వెబ్‌సైట్ లకి దీనికి రివర్స్. ఇంటిపేరు వెనక ఉంటుంది. కనిపెట్టే పద్ధతి ఇది:

మొదట్లో ఉండే హెచ్‌టీటీపీఎస్, రెండు గీతలు వదిలేయండి. ఆ తర్వాత వచ్చే మొదటి అడ్డగీత దగ్గర ఆగండి. అక్కడి నుంచి వెనక్కి, అంటే కుడి నుంచి ఎడమకి చదవండి. చివర డాట్ కామ్, డాట్ ఇన్, డాట్ షాప్ లాంటిది ఉంటుంది. దానికి ఆనుకుని ముందున్న ముక్కే ఇంటిపేరు. ఆ రెండూ కలిపితే సైట్ ఎవరిదో తెలుస్తుంది. చివర డాట్ కో డాట్ ఇన్ అని ఉంటే ఆ రెండు ముక్కల్నీ ఒకటిగా లెక్కేసుకోండి.

ఇప్పుడు మళ్లీ చూడండి. మొదటి దాంట్లో ఇంటిపేరు "మనఅంగడి.కామ్". దాని ముందున్న "ఆఫర్స్" ఆ ఇంట్లో ఒక గది లాంటిది. రెండో దాంట్లో అడ్డగీతకి ముందు చివరన ఉన్నది "షాప్", దాని ముందు "కామ్-ఆఫర్స్". అంటే ఇంటిపేరు "కామ్-ఆఫర్స్.షాప్". "మనఅంగడి" అనేది వాడు తన ఇంట్లో ఒక గదికి పెట్టుకున్న పేరు, అంతే! దానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. మూడో దాంట్లో అసలు పేరు అడ్డగీత తర్వాత వచ్చింది. అడ్డగీత తర్వాత ఏం రాసుకున్నా లెక్కలోకి రాదు.

మామయ్య నొక్కింది రెండో రకం. ఈ సంగతి చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంటే మా కొట్టు పక్కన ఎవడో కొట్టు పెట్టి, లోపల బీరువాకి నా పేరు రాసుకున్నట్టా?" అన్నాడు. నేను ఇంత పొడుగ్గా చెప్పిన దాన్ని ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు.

చిన్న టిప్: అనుమానం ఉంటే ఐకాన్ అనే సంస్థ లుకప్ పేజీలో ఆ డొమైన్ పేరు టైప్ చేస్తే అది ఎప్పుడు రిజిస్టర్ అయిందో చాలావరకు తెలుస్తుంది. "ఇరవై ఏళ్లుగా మీ సేవలో" అని రాసుకున్న సైట్ పుట్టి పది రోజులే అయితే, ఇంకేం చూడక్కర్లేదు.

5. తాళం గుర్తు ఉంది కదా, సేఫే కదా?

మామయ్య రెండో ప్రశ్న ఇది. "మీ టీవీల్లో చెప్తారుగా, తాళం గుర్తు చూసుకోమని. ఉందిరా, నేను చూసుకున్నా."

ఇది చాలామందికి ఉన్న అపోహ, అందుకే కాస్త వివరంగా చెప్తాను. హెచ్‌టీటీపీఎస్ లో చివరి "ఎస్" అంటే సెక్యూర్. మీ ఫోన్ కి, ఆ సర్వర్ కి మధ్య వెళ్లే డేటాని గజిబిజి కోడ్ గా మార్చి పంపుతుంది. మధ్యలో ఎవరైనా, ఉదాహరణకి రైల్వే స్టేషన్ వైఫై లో కూర్చున్నవాడు, దాన్ని పట్టుకున్నా చదవలేడు. ఇది చాలా అవసరం. ఇది లేని సైట్ లో పాస్‌వర్డ్ అసలు కొట్టకూడదు.

కానీ తాళం చెప్పేది "దారి భద్రం" అని మాత్రమే. "దారి చివర ఉన్న షాపు మంచిది" అని కాదు. ఇప్పుడు ఈ సర్టిఫికెట్లు ఫ్రీగా నిమిషాల్లో దొరుకుతాయి. సైట్ పేరు తనదే అని చూపిస్తే చాలు, ఆ పేరుతో ఏం వ్యాపారం చేస్తున్నాడో ఎవరూ అడగరు. దొంగ కూడా తన దొంగ సైట్ కి తాళం వేసుకోవచ్చు. జనం దీన్ని తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో గూగుల్ తన క్రోమ్ బ్రౌజర్ లో తాళం బొమ్మ తీసేసి సెట్టింగ్స్ లాంటి గుర్తు పెట్టింది.

కాబట్టి రూల్ ఇలా రాసుకోండి: తాళం లేకపోతే కొనొద్దు. తాళం ఉన్నంత మాత్రాన కొనెయ్యొద్దు. ఇంటిపేరు చూడండి.

6. మీ కార్ట్ ఎలా గుర్తుంటుంది?

వెబ్ సర్వర్ కి మతిమరుపు ఎక్కువ. మీరు ఒక పేజీ అడిగితే ఇస్తుంది, వెంటనే మిమ్మల్ని మర్చిపోతుంది. మళ్లీ ఇంకో పేజీ అడిగితే కొత్త మనిషి అనుకుంటుంది. ఇలా అయితే కార్ట్ లో వేసిన వస్తువు గుర్తుండేదెలా? అందుకే 1994లో నెట్‌స్కేప్ కంపెనీలో లూ మాంటులీ అనే ఇంజినీర్ కుకీ తయారుచేశారు. సర్వర్ మీ బ్రౌజర్ కి ఒక చిన్న టోకెన్ ఇస్తుంది. ప్రతిసారీ బ్రౌజర్ ఆ టోకెన్ చూపిస్తుంది. హోటల్ లో సంచి పెట్టి టోకెన్ తీసుకున్నట్టు.

ఇదే కుకీ వల్ల ఇంకోటి కూడా జరుగుతుంది. మీరు ఒకచోట మిక్సీ చూస్తే, వారం రోజులు ఎక్కడికి వెళ్లినా మిక్సీ యాడ్లే కనిపిస్తాయి. మామయ్య కూడా కూతురి కోసం నాలుగు రోజులుగా ఫోన్లు వెతుకుతున్నాడు. సరిగ్గా అప్పుడే ఫోన్ యాడ్ రావడం ఆయన అనుకున్నట్టు అదృష్టం కాదు. ఫోన్లు వెతికేవాళ్లకి నా యాడ్ చూపించు అని ఎవరైనా డబ్బు కట్టొచ్చు.

7. ఈ-కామర్స్ అంటే ఏమిటి? షాపు ఎవరిది, సరుకు ఎవరిది?

నెట్ ద్వారా అమ్మడం, కొనడం, డబ్బు కట్టడం, అన్నీ కలిపి ఈ-కామర్స్. 1994 ఆగస్టులో అమెరికాలో నెట్‌మార్కెట్ అనే సైట్ లో ఒక మ్యూజిక్ సీడీని క్రెడిట్ కార్డుతో, ఎన్‌క్రిప్షన్ వాడి కొన్నారు. భద్రంగా జరిగిన తొలి ఆన్‌లైన్ కొనుగోళ్లలో ఒకటిగా దీన్ని చెప్తారు. 1995లో అమెజాన్ పుస్తకాల షాపుగా తెరుచుకుంది. మన దగ్గర 2007లో బెంగళూరులో ఫ్లిప్‌కార్ట్ కూడా పుస్తకాలతోనే మొదలైంది. మనకి గర్వంగా ఉండే విషయం ఏంటంటే, ఫ్లిప్‌కార్ట్ మొదటి ఆర్డర్ వచ్చింది మన మహబూబ్‌నగర్ నుంచి. ఆ పుస్తకం స్టాక్ లేక బెంగళూరు షాపుల్లో వెతికి మరీ పంపారు. 2010లో క్యాష్ ఆన్ డెలివరీ మొదలయ్యాక కార్డు లేనివాళ్లు కూడా ధైర్యంగా కొనడం మొదలుపెట్టారు.

ఇప్పుడు ముఖ్యమైన తేడా. ఆన్‌లైన్ షాపులు రెండు రకాలు.

ఇన్వెంటరీ మోడల్: సరుకు వాళ్లదే, అమ్మేది వాళ్లే. మామయ్య కొట్టు లాగా. గోడౌన్ లో బస్తా ఆయనదే, బిల్లు ఆయనదే.

మార్కెట్‌ప్లేస్ మోడల్: సైట్ ఒక సంత లాంటిది. సంతలో చోటు, లైట్లు, జనాన్ని తేవడం సైట్ పని. అమ్మేది వేరే సెల్లర్లు. మన దేశంలో విదేశీ పెట్టుబడి ఉన్న కంపెనీలు ఈ మోడల్ లోనే నడపాలి, తమ సొంత సరుకు కస్టమర్లకి అమ్మకూడదు. అందుకే పెద్ద సైట్లలో ప్రతి వస్తువు కింద సెల్లర్ పేరు ఉంటుంది. ఫోన్ కొనేటప్పుడు ధర కంటే ముందు ఆ పేరు, దానికి వచ్చిన రేటింగ్ చూడండి. ఒకే ఫోన్ ని ఒకే సైట్ లో నలుగురు అమ్ముతుండొచ్చు.

మరి ఫ్లాష్ సేల్ లో ఎందుకు దొరకదు? సైట్ వెనక ఒక డేటాబేస్ లో "స్టాక్: ఇన్ని" అని లెక్క ఉంటుంది. ఆఖరి ఫోన్ మీద ఇద్దరు ఒకేసారి నొక్కితే, డేటాబేస్ ఒకరి రిక్వెస్ట్ ని ముందు తీసుకుని రెండో వాళ్లని ఆపుతుంది. లేకపోతే ఒక ఫోన్ ఇద్దరికి అమ్మినట్టవుతుంది. 2014లో ఫ్లిప్‌కార్ట్ లో షావోమీ ఎంఐ 3 కి కొన్ని సేల్స్ సెకన్లలోనే అయిపోయాయి. మీ వేలు స్లో కాదు, మీ రిక్వెస్ట్ క్యూలో వెనక ఉంది, అంతే.

8. డబ్బు ఏ దారిలో వెళ్తుంది?

ఇది అన్నిటికంటే జాగ్రత్తగా చదవండి.

కార్డు దారి: మీరు కార్డు నంబర్ ఇస్తే అది పేమెంట్ గేట్‌వే కి, అక్కడి నుంచి షాపు తరఫు బ్యాంక్ కి, అక్కడి నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ లేదా రూపే నెట్‌వర్క్ ద్వారా మీ బ్యాంక్ కి వెళ్తుంది. మీ బ్యాంక్ ఓటీపీ అడిగి సరే అంటుంది. 2022 అక్టోబర్ 1 నుంచి రిజర్వ్ బ్యాంక్ రూల్ ప్రకారం షాపింగ్ సైట్లు మీ అసలు కార్డు నంబర్ దాచుకోకూడదు. దాని బదులు టోకెన్ మాత్రమే ఉంచుకుంటాయి.

యూపీఐ దారి: ఇది ఎన్‌పీసీఐ 2016లో తెచ్చింది. మీరు పిన్ కొట్టగానే మీ బ్యాంక్ లో డబ్బు తగ్గుతుంది, అవతలివాడి బ్యాంక్ లో పెరుగుతుంది. అంతా సెకన్లలో. చేతిలో నోటు పెట్టినట్టే. మీరు ఒక్కరే దాన్ని వెనక్కి లాక్కోలేరు.

అసలు మార్కెట్‌ప్లేస్ లో కొంటే మీ డబ్బు నేరుగా సెల్లర్ జేబులోకి పోదు. మధ్యలో పేమెంట్ కంపెనీ ఖాతాలో ఆగి, కొన్ని రోజుల తర్వాత సెల్లర్ కి చేరుతుంది. వస్తువు రాకపోతే రిఫండ్ ఇవ్వడానికి వీలుండేది ఇందుకే. దొంగ సైట్ లో ఆ మధ్య గది ఉండదు. డబ్బు నేరుగా ఎవరో ఒక వ్యక్తి ఖాతాకి వెళ్తుంది.

నేను మామయ్యని అడిగా: "పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద పేరు వచ్చి ఉంటుంది, చూశావా మామయ్యా?"

"చూశానురా. ఎవరిదో మనిషి పేరు ఉంది. కంపెనీ ఓనరేమో అనుకున్నా."

ఆ ఒక్క సెకను దగ్గర ఆగి ఉంటే 4,999 మిగిలేవి. కంపెనీ దగ్గర కొంటున్నప్పుడు స్క్రీన్ మీద కంపెనీ పేరు రావాలి. మనిషి పేరు వస్తే అక్కడే ఆపేయండి. అలాగే ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి: డబ్బు పంపడానికే పిన్ కావాలి. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "రిఫండ్ ఇస్తాం, పిన్ కొట్టండి" అన్నాడంటే వాడు ఇంకోసారి దోచుకుంటున్నాడు.

9. పార్సిల్ ప్రయాణం

ఆర్డర్ ఖాయం కాగానే సెల్లర్ కి లేదా గోడౌన్ కి కబురు వెళ్తుంది. వస్తువు ప్యాక్ చేసి బార్‌కోడ్ అంటిస్తారు. అక్కడి నుంచి దారి చూపించేది మీ పిన్ కోడ్. 1972 ఆగస్టు 15న మన తపాలా శాఖ తెచ్చిన ఆరంకెల నంబర్ ఇది. 5 తో మొదలైతే దక్షిణాదిలో మన వైపు. 500 అంటే హైదరాబాద్ వైపు, 522 అంటే గుంటూరు వైపు, 522201 అంటే తెనాలి. ప్రతి హబ్ లో బార్‌కోడ్ స్కాన్ చేసినప్పుడల్లా మీ ట్రాకింగ్ పేజీలో ఒక లైన్ పెరుగుతుంది. ప్యాకెట్ ని రౌటర్లు చేతులు మార్చినట్టే పార్సిల్ ని హబ్‌లు చేతులు మారుస్తాయి.

ఖరీదైన ఫోన్ అయితే ఓపెన్ బాక్స్ డెలివరీ ఉంటే అదే తీసుకోండి. డెలివరీ అబ్బాయి ముందే బాక్స్ తెరిచి చూసి, సరిగ్గా ఉంటేనే ఓటీపీ చెప్పండి. లేకపోతే సీల్ తీసే ముందు నుంచి వీడియో తీయండి. ఫోన్ లో *#06# కొడితే ఐఎంఈఐ నంబర్ వస్తుంది. అది బాక్స్ మీద, బిల్లు మీద ఉన్న నంబర్ తో కలవాలి.

10. కొనే ముందు ఐదు చెకింగ్ లు

ఒకటి, ఇంటిపేరు. యాడ్ లింక్ నొక్కకుండా, మీరే యాప్ తెరిచి ఆ వస్తువు వెతకండి. ఆఫర్ నిజమైతే అక్కడా ఉంటుంది.

రెండు, ధర. అన్ని చోట్లా పదహారు వేలు ఉన్నది ఒకచోట ఐదు వేలకి ఎందుకు ఇస్తాడు? ఇది మామయ్యకి నేను చెప్పక్కర్లేదు, ఆయనే హోల్‌సేల్ లో రోజూ అడిగే ప్రశ్న.

మూడు, తొందర. "7 నిమిషాలే" అనే గడియారం మీరు ఆలోచించకుండా ఉండటానికే. పేజీ మూసి మళ్లీ తెరవండి, చాలా దొంగ సైట్లలో గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

నాలుగు, చిరునామా. 2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం సైట్ తన చట్టబద్ధమైన పేరు, ఆఫీస్ అడ్రస్, ఫిర్యాదుల అధికారి వివరాలు పెట్టాలి. ఆ అధికారి మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి.

ఐదు, డబ్బు కట్టే స్క్రీన్ మీద పేరు.

మోసపోతే ఏం చేయాలి?

సిగ్గుపడి దాచుకోకండి. వెంటనే 1930 కి కాల్ చేయండి. సైబర్ ఆర్థిక మోసాలకి అది జాతీయ హెల్ప్‌లైన్. నేషనల్ సైబర్ క్రైమ్ పోర్టల్ లో కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ట్రాన్సాక్షన్ నంబర్, టైం, స్క్రీన్‌షాట్స్ దగ్గర పెట్టుకోండి. మీ బ్యాంక్ కి కూడా చెప్పండి. ఎంత త్వరగా చెప్తే అంత మంచిది, ఎందుకంటే దొంగ ఆ డబ్బు డ్రా చేసేలోపే ఆ ఖాతాలో దాన్ని ఆపగలిగితేనే ఉపయోగం. అసలు కంపెనీ దగ్గర కొని వస్తువు సరిగ్గా రాకపోయినా, రిఫండ్ ఇవ్వకపోయినా, 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్ ఉంది.

మామయ్య మాత్రం నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. "కొట్టు నడిపేవాడివి, నువ్వే మోసపోయావా" అంటారని భయపడ్డాడు. ఫిర్యాదు నంబర్ అయితే వచ్చింది కానీ డబ్బులు ఇప్పటికీ రాలేదు. వస్తాయన్న ఆశ కూడా ఆయనకి లేదు. ఆ నాలుగు రోజుల మౌనమే ఆయన్ని ఎక్కువ ముంచింది. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ముందు తిట్టకండి, ముందు 1930 కి చేయించండి.

కూతురికి ఫోన్ తర్వాత తెనాలిలోనే షాపులో కొన్నాడు, బిల్లు తీసుకుని, ఐఎంఈఐ కలిపి చూసుకుని. పోయిన వారం వాట్సాప్ లో ఒక లింక్ పంపాడు. సగం ధరకే టీవీ అని ఉంది. నేను చూసి ఏదో టైప్ చేసేలోపే ఆయన దగ్గర నుంచి ఇంకో మెసేజ్ వచ్చింది: "నేను కొనటం లేదులే. ఇంటిపేరు వేరే ఉంది. నీ పాఠకులకి చూపిస్తావని పంపా."

ఇదిగో, చూపించాను. ఈ ఆర్టికల్ ని మీ ఇంట్లో పెద్దవాళ్లకి ఫార్వర్డ్ చేయడం కంటే, పక్కన కూర్చుని నాలుగో పాయింట్ ఒక్కటైనా చదివి వినిపించండి. వాళ్ల ఫోన్ లోనే ఏదో ఒక లింక్ తెరిచి, ఇంటిపేరు ఎక్కడుందో వాళ్లనే చూపించమనండి. పది నిమిషాల పని. నేను ఆ పది నిమిషాలు ముందే పెట్టి ఉంటే బాగుండేది.